పాత ముఖం.. కొత్త గుండె!

దుబాయ్‌లో దేరా నైఫ్ రోడ్డు మీద గానీ, బర్ దుబాయ్ మీనాబజార్‌లో గానీ సెలవు రోజు సాయంత్రం ఓ చుట్టు తిరిగి రండి. వాచీ దుకాణాల అద్దాల వెనక ఎక్కడ చూసినా ఒకటే మాట. వింటేజ్! ఇరవై దిర్హాముల చైనా వాచీ మీదా అదే మాట, వెయ్యి దాటిన స్విట్జర్లాండ్ వాచీ మీదా అదే మాట. నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలోంచి వచ్చిందీ వింటేజే, నలభై ఏళ్ల నాడు ఎవరో వాడి వదిలేసిందీ వింటేజే. ఇంతకీ ఏది పాతది? ఏది పాత వేషం కట్టింది? ఏది నిజంగా కొత్తది? కొనేది మన చెమట పైసలతో కాబట్టి ఈ లెక్క మనకు తెలిసి ఉండాల్సిందే.

మేము కట్టుబడి సైట్లలో పనిచేసేవాళ్లం. జగిత్యాల, నిర్మల్, కడప, కోనసీమ.. ఇలా నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఒకే గదిలో ఆరుగురం ఉంటున్నాం. డిప్లొమా చదివి సూపర్‌వైజర్లుగా వచ్చినవాళ్లూ ఉన్నాం, చేతిపని నేర్చి మేస్త్రీలైనవాళ్లూ ఉన్నాం. వాచీల గురించి మా గదిలో జరిగినంత వాదన ఎలక్షన్ల గురించి కూడా జరగలేదు.

లిస్టులో ఎప్పుడూ వాచీ

చుట్టీకి ఇంటికి పోయేటప్పుడు మనం రాసుకునే లిస్టు అందరికీ కాస్త అటూఇటూగా ఒకటే. అమ్మకు కంబళి, బాపుకు టైగర్ బాం, చెల్లెకు సెంటు, పిల్లలకు చాక్లెట్లు, వీలైతే ఓ తులం బంగారం. అందులో వాచీకి మొదటినుంచీ చోటుంది. 1980ల్లో, 90ల్లో దుబాయ్ నుంచి మనిషి ఊళ్లో దిగాడంటే చేతికి సీకో ఫైవ్ ఉండాల్సిందే. ఇంకాస్త గట్టివాడైతే రాడో. టేప్‌రికార్డర్ పోయింది, వీసీఆర్ పోయింది, వాచీ మాత్రం లిస్టులోంచి పోలేదు.

ఫోనులో టైము కనబడుతుంది కదా, వాచీ ఎందుకు అని అడిగేవాళ్లు సైటు మీద ఒక్కరోజు నిలబడి చూడాలి. చేతులకు గ్లౌజులు, వాటి నిండా సిమెంటు. ఎండలో ఫోను తెర కనిపించదు. ఎత్తు మీద పనిచేసేవాడు ఫోను తీయకూడదనే రూలు చాలా సైట్లలో ఉంది. రెడీమిక్స్ బండి ప్లాంటు దగ్గర ఎన్నింటికి నింపుకుందో టికెట్టు మీద రాసి ఉంటుంది. అక్కడి నుంచి రెండు గంటల్లోపల కాంక్రీటు దించెయ్యాలని సాధారణంగా షరతు. బండి షార్జా ట్రాఫిక్‌లో ఇరుక్కుందంటే మా కళ్లు మణికట్టు మీదే. ఓటీ గంటల లెక్కకు ఆధారం అదే. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఎమిరేట్స్‌లో నిబంధన. ఆ పన్నెండున్నర కోసం ఎదురుచూసినంతగా మాలో కొందరు పెళ్లి ముహూర్తం కోసం కూడా ఎదురుచూడలేదు!

మూడు వాచీలు, ఒక్క పెట్టె

మా గదిలో నిర్మల్ వైపు షట్టరింగ్ మేస్త్రి ఒకాయన ఉన్నాడు. వాళ్ల బాపు చేతికి ఎప్పటిదో హెచ్.ఎం.టి. జనత. అద్దం గీతలు పడి మసకబారింది. "బాపూ, గది తీసెయ్యి. నేనొచ్చేటప్పుడు అసలు జపాన్ సీకో పాతకాలంది తెస్తా" అని ఫోనులో మాటిచ్చాడు. అన్నట్టే ఓ దుకాణంలో నీలం డయలు, నారింజ ముళ్లు ఉన్న సీకో ఫైవ్ కొన్నాడు. "ఓల్డ్ పీస్ భాయ్, ఒరిజినల్ వింటేజ్" అని అమ్మినాయన ఒట్టేశాడట. ధర మా మేస్త్రికి పది రోజుల కష్టం. చూడ్డానికి మాత్రం మెరిసిపోతోంది. నలభై ఏళ్ల వాచీ అంత మెరుస్తుందేమిటని గదిలో ఒకరిద్దరు గొణిగారు గానీ ఆయన సంతోషం చూసి గట్టిగా ఎవరూ అనలేదు.

రెండు వారాలు తిరిగింది. మూడో వారం ఆగింది. బర్ దుబాయ్ సందులో మలయాళీ వాచీ మెకానిక్ ఒకాయన ఉన్నాడు, పెద్దాయన, కంటికి భూతద్దం తగిలించుకునే మాట్లాడతాడు. మూత తీసి రెండు నిమిషాలు చూశాడు. పెట్టె ఒక వాచీది. లోపలి మిషను ఇంకోదానిది. డయలు మీద పాత రంగు గీకేసి కొత్త రంగు వేశారు. నారింజ ముళ్లు ఈ మధ్య ఎవరో చేసి అమ్ముతున్నవి. "మూడు శవాలను కుట్టి ఒక మనిషిని నిలబెట్టారు బాబూ" అన్నాడు హిందీలో. దుకాణానికి పోతే, "చూసుకునే కొన్నావు కదా" అన్న జవాబు. ఆ మేస్త్రి తర్వాత నాలుగు రోజులు పని మీద పాట పాడలేదు. పాడకుండా సుత్తె కొట్టడం ఆయన దగ్గర మేమెప్పుడూ చూడలేదు.

ఇలాంటి వాచీలు ఒకటీ అరా కాదు, సంతల కొద్దీ ఉన్నాయి. చాలావరకు మన బొంబాయి వైపు నుంచే తయారై వస్తాయని పాత వాచీలు సేకరించేవాళ్లందరికీ తెలిసిన సంగతే. పాత సీకో, పాత హెచ్.ఎం.టి., పాత ఫేవర్ లూబా.. ఏది దొరికితే దాన్ని విప్పి, బాగున్న ముక్కలన్నీ ఒకచోట చేర్చి, కంపెనీ ఏనాడూ వెయ్యని రంగులు డయలుకు పూసి అమ్ముతారు. పాత ఇంటికి సున్నం వేస్తే తప్పులేదు. మూడు ఇళ్ల తలుపులు, కిటికీలు పీకి ఓ గుడిసెకు తగిలించి, ఇది గడీ అని అమ్మితేనే తప్పు.

ఎలా పట్టుకోవాలి?

ఆ పెద్దాయన దగ్గర కూర్చుని మేము నేర్చుకున్నది కొంత చెబుతాం. ముందు రంగు. పాత వాచీ డయలు కాస్త వెలిసి ఉండాలి, అంచుల్లో మచ్చ ఉన్నా ఫర్వాలేదు. ముప్పై నలభై ఏళ్ల నాటిదని చెప్పి, పెళ్లిపందిరి లైటులాగా వెలుగుతుంటే అనుమానించండి. తర్వాత అక్షరాలు. కంపెనీలో అచ్చయిన అక్షరం సూది మొనలా ఉంటుంది. మళ్లీ వేసినది లావుగా, కొంచెం వంకరగా, ఒక్కోచోట సిరా పొంగినట్టు ఉంటుంది. ఫోను కెమెరాతో పెద్దది చేసి చూస్తే తెలిసిపోతుంది. దుకాణందారు తియ్యనివ్వకపోతే అదే జవాబు అనుకోండి.

సీకోలకైతే ఇంకో గుట్టుంది. వెనక మూత మీద రెండు నంబర్లు ఉంటాయి. గీత మధ్యలో పెట్టి రాసిన దాంట్లో మొదటి నాలుగంకెలు లోపలి మిషను పేరు. 7009 అనో, 7ఎస్26 అనో ఉంటుంది. డయలు కింది అంచున, ఆరు అంకె దగ్గర, చీమ తలకాయలంత అక్షరాల్లో ఆ మిషను నంబరే మళ్లీ రాసి ఉండాలి. చాలా రంగుపూత వాచీల్లో ఆ చిన్న అక్షరాలు అసలుండవు, పెయింటు కింద కలిసిపోతాయి. రెండో నంబరు వాచీ పుట్టిన తేదీ. మొదటి అంకె సంవత్సరంలో చివరి అంకె, రెండోది నెల. 83తో మొదలైతే ఎనిమిదితో ముగిసే ఏడాది, మార్చి నెల. అది 1978నా, 1988నా, 1998నా అన్నది మిషను నంబరు చెబుతుంది. 7ఎస్26 వచ్చిందే 1996లో కాబట్టి, అది లోపల పెట్టుకుని 1978 వాచీనని చెప్పుకునేది అబద్ధమాడుతున్నట్టే.

అంచులు కూడా చూడండి. ఫ్యాక్టరీ పెట్టెకు అంచులు పదునుగా ఉంటాయి. పదిసార్లు పాలిష్ పట్టిన దానికి మూలలు సబ్బుబిళ్లలా గుండ్రంగా అరిగిపోతాయి. మేము ప్లాస్టరింగులో మూలలు చూసే కన్నుతోనే చూస్తాం, ఠక్కున పట్టేస్తాం. గల్ఫ్ కోసం చేసిన సీకోల్లో వారం పేరు అరబీలోనూ వచ్చేది. అలాంటిది దొరికితే, మిగతావన్నీ సరిపోతే, అది బహుశా మనలాంటి వాడి చేతి మీదే ఈ ఎడారిలో బతికి ఉంటుంది.

జనత అంటే జనతే

హెచ్.ఎం.టి. సంగతి వేరేగా చెప్పుకోవాలి. 1961లో బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో మొదలైన వాచీల ఫ్యాక్టరీ అది. జనత, పైలట్, కోహినూర్, జవాన్, సోనా.. ఈ పేర్లు వినని తెలుగు ఇల్లు ఉండేది కాదు. మెట్రిక్ పాసైతే హెచ్.ఎం.టి., పెళ్లిలో అల్లుడికి హెచ్.ఎం.టి., రిటైరైతే హెచ్.ఎం.టి. జనతలో 17 రాళ్ల మిషను, రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి. సెకనుకు ఐదు టిక్కులు కొడుతుంది. బ్యాటరీ లేదు, ఆటోమేటిక్ లేదు, చీకట్లో వెలగడం లేదు. ఏ ఊరి మెకానిక్ అయినా బాగుచేస్తాడు, అదొక్కటే దాని గొప్ప.

2016 జనవరిలో హెచ్.ఎం.టి. వాచెస్ కంపెనీని మూసెయ్యడానికి కేంద్ర ప్రభుత్వం అనుమతించింది. ఆ తర్వాత పెట్టెల్లో పడున్న వాటికి ఉన్నట్టుండి గిరాకీ పెరిగింది. గిరాకీతో పాటే రంగుపూత కూడా. పైలట్ అంటే నల్ల డయలు వాచీ. ఇప్పుడు బజారులో ఎరుపు, పచ్చ, చిలక రంగు పైలట్లు కనబడుతున్నాయి! మాతృసంస్థ హెచ్.ఎం.టి. బెంగళూరు నుంచి పాత పేర్లతో కొత్త వాచీలు తర్వాత కూడా అమ్ముతూ వచ్చింది. అవి కొత్తవని చెప్పే అమ్ముతారు కాబట్టి పేచీ లేదు.

హైదరాబాద్ ఆల్విన్‌ను కూడా మరిచిపోవద్దు. బీరువాలు, ఫ్రిజ్‌లు, బస్సుల బాడీలు చేసిన మన ఆల్విన్ 1980ల్లో సీకో సహకారంతో వాచీలు చేసింది. మా గదిలో జగిత్యాల తమ్ముడి మేనమామకు ఇంకా ఒకటుందట. ఎవరికీ అది వింటేజ్ అని తోచలేదు. మామ వాచీ అంతే.

బర్‌జీల్ కథ

పాత వేషం కట్టిన కొత్త వాచీల దగ్గరికి వచ్చేముందు మా పనిలోది ఒకటి చెప్పాలి. అల్ ఫహీదీ పాత వాడలో ఇళ్ల మీద గాలి గోపురాలు ఉంటాయి, బర్‌జీల్ అంటారు. నాలుగు దిక్కుల్లో ఎటునుంచి గాలి వీచినా పట్టి గదిలోకి దింపుతుంది. కరెంటు లేని రోజుల్లో మనుషులు ఈ ఎండను తట్టుకున్నది దానితోనే. ఇప్పుడు కొత్త విల్లాల మీద కూడా ఆ గోపురం పెడుతున్నారు. మేమే ఎన్నో బిగించాం. ఫైబర్ కలిపిన సిమెంటు పలకలు క్రేనుతో ఎత్తి నాలుగు బోల్టులు వేస్తే అయిపోయింది. కింద రంధ్రం ఉండదు, గాలి దిగదు. కొన్నిటి లోపల ఏసీ సామాను దాస్తాం. చూడ్డానికి అందమే, కాదనం. అయితే దాన్ని చూసి ఇది పాత ఇల్లు అని ఎవరైనా అంటే మాకు నవ్వొస్తుంది.

రెట్రో వాచీ అంటే అదే గోపురం. కాకపోతే అన్ని గోపురాలూ ఖాళీవి కావు. లోపల ఏం పెట్టారన్నదే చూడాలి.

సీకో ఫైవ్‌నే తీసుకోండి. 1963లో అది పుట్టినప్పుడు ఐదు సంగతులు ఒక్క వాచీలో పెడతామన్నారు. కీ ఇవ్వనక్కర్లేని ఆటోమేటిక్, తేదీ వారం ఒకే కిటికీలో, నీటికి ఓర్పు, నాలుగు అంకె దగ్గర లోపలికి ఒదిగిన పిడి, గట్టి పెట్టె గట్టి చైను. ఖరీదు మాత్రం మామూలు మనిషికి అందేది. ఆ రోజున అది పాత ఫ్యాషన్ కాదు, అప్పటికి కొత్త ఆలోచన. 1996లో వచ్చిన ఎస్‌కెఎక్స్ డైవర్ వాచీ దాని దాయాది. 200 మీటర్ల లోతుకు తట్టుకునేది, పిడి మరలా తిప్పి బిగించేది. 2019లో సీకో దాన్ని ఆపేసి, అదే ముఖంతో కొత్త సీకో ఫైవ్ స్పోర్ట్స్ తెచ్చింది. చూస్తే అన్నదమ్ములే. లెక్క చూస్తే ఒకచోట లాభం, ఒకచోట నష్టం. కొత్తదానిలో 4ఆర్36 మిషను. చేత్తో కీ ఇవ్వొచ్చు, పిడి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. పాత 7ఎస్26కు ఈ రెండూ లేవు. నీటి విషయంలో మాత్రం 200 నుంచి 100 మీటర్లకు దిగింది, మర బిగించే పిడి పోయింది. ఒళ్లు తడిసేది చెమటతో, క్యూరింగ్ నీళ్లతో మాత్రమే కాబట్టి 100 మీటర్లు మనకు చాలు. అయినా ముఖం అదే కదా అని గుణం కూడా అదే అనుకోకూడదు.

టిస్సో పీఆర్‌ఎక్స్ 1978 నాటి మోడలు. 2021లో మళ్లీ తెచ్చారు. ముందు బ్యాటరీది వచ్చింది, తర్వాత 80 గంటలు నడిచే ఆటోమేటిక్. పాత రూపం, పని కొత్తది, ఎవరినీ మభ్యపెట్టింది లేదు. ఖరీదు మాత్రం మన లిస్టులో మిగతావన్నీ కొట్టేయాల్సినంత.

ఇక కేసియో ఎఫ్-91డబ్ల్యూ. దీన్ని రెట్రో అని అమ్ముతుంటే మాకు చిరాకు. 1989 నుంచి అది ఆగిందే లేదు! 21 గ్రాముల బరువు, బ్యాటరీ ఏడేళ్లు, నెలకు అర నిమిషం తేడా. తొలిసారి దుబాయ్ దిగినవాడు మొదటి జీతంతో కొనుక్కునేది అదే. మళ్లీ పుట్టాలంటే ముందు చావాలి, అది చావలేదు. పెట్రోలు బంకు పక్కనున్న కేఫ్తీరియా చాయ్ లాంటిది. దాన్ని ఎవరైనా పాతకాలపు చాయ్ అంటారా?

కొత్తది అంటే ఇదీ

అసలు కొత్తదనం ఎప్పుడూ పాత వేషంలో రాలేదు. 1969 డిసెంబర్ 25న టోక్యోలో సీకో ఆస్ట్రాన్ అనే వాచీ పెట్టింది. ప్రపంచంలో తొలి క్వార్ట్జ్ చేతి గడియారం. ధర నాలుగున్నర లక్షల యెన్‌లు, ఓ చిన్న కారు వచ్చేది. ఇందులో కిటుకు ఏంటంటే, క్వార్ట్జ్ రాయి ముక్కకు కరెంటు తగిలితే కచ్చితమైన వేగంతో వణుకుతుంది. ఇప్పటి మామూలు వాచీల్లో సెకనుకు 32,768 సార్లు. ఆ అంకెను పదిహేనుసార్లు సగం చేస్తూ పోండి, సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే ఒక సెకను. కీ ఇచ్చే వాచీ రోజుకు అర నిమిషం అటూఇటూ పోయినా ఏమీ అనని కాలంలో ఆస్ట్రాన్ నెలకు ఐదు సెకన్ల తేడా అంది.

దాని దెబ్బ ఎలా పడిందో మనలాంటి కూలీలు తెలుసుకోదగ్గది. స్విట్జర్లాండ్‌లో 1970లో వాచీల పనిలో సుమారు 90 వేల మంది ఉంటే 1980ల మధ్యకొచ్చేసరికి 30 వేల పైచిలుకే మిగిలారు. ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. ఇటు మన దేశంలో 1980ల చివర టైటన్ క్వార్ట్జ్ వాచీలతో వచ్చింది, కీ వాచీలనే నమ్ముకున్న హెచ్.ఎం.టి. వెనకబడింది. అంటే ఇవాళ మనం ముద్దుగా వింటేజ్ అంటున్నవి ఒకనాడు ఓడిపోయినవే. గెలిచింది ఇప్పుడు ఇరవై దిర్హాములకు దొరుకుతోంది, దాన్నెవరూ ముద్దు చెయ్యరు. ఇదేం న్యాయమో!

మాకు అన్నిటికంటే నచ్చిన కథ జీ-షాక్‌ది. కేసియో ఇంజనీరు కికువో ఇబే గారికి తండ్రి ఇచ్చిన వాచీ కిందపడి ముక్కలైంది. పడినా పగలని వాచీ చేస్తానని 1981లో కంపెనీకి ఒక్క వాక్యం రాసిచ్చాడు. ఆ రోజుల్లో ఆయన రోడ్డు పనివాళ్లను చూశాడట. డ్రిల్లింగు దెబ్బకు నిలవదని వాళ్లెవరూ వాచీ పెట్టుకునేవాళ్లు కాదు. వాళ్ల కోసం అనుకుని మొదలుపెట్టాడు. చేసిన ప్రతి నమూనానూ ఆఫీసు మూడో అంతస్తులో బాత్‌రూం కిటికీలోంచి కింద పడేసి పరీక్ష. సుమారు 200 నమూనాలు పగిలాయి. చివరికి పార్కులో ఓ పాప బంతి ఆడుతుంటే చూసి, బంతి మధ్యలో ఉన్నదానికి దెబ్బ తగలదు కదా అని తోచింది. లోపలి మిషనును పెట్టెకు గట్టిగా అంటించకుండా, తేలుతున్నట్టు కొద్దిచోట్ల మాత్రమే ఆనించాడు. 1983 ఏప్రిల్‌లో మొదటి జీ-షాక్ వచ్చింది. జాక్‌హ్యామర్ పట్టే మా కడప అన్న చేతికి ఉన్నది ఆ జాతిదే. ఆయన కథ విని, "అంటే ఇది మన కోసమే చేసినాడన్నమాట" అని వాచీ వైపు కొత్తగా చూసుకున్నాడు. అవును మరి. మన కోసం చేసిన వస్తువులు లోకంలో ఎన్నున్నాయి?

అదే చదరపు జీ-షాక్‌ను 2018లో ఉక్కు పెట్టెలో మళ్లీ తెచ్చారు. ముఖం 1983ది. లోపల ఎండతో ఛార్జింగు, రేడియో సిగ్నల్‌తో టైము సరిచేసుకోవడం, ఫోనుతో కలపడం. ఈ గోపురంలోంచి గాలి దిగుతుందన్నమాట. ఎండతో నడిచే ముళ్ల వాచీని 1976లోనే సిటిజన్ తెచ్చింది. అదే ఇప్పటి ఎకో-డ్రైవ్‌కు పూర్వీకుడు. ఎండకు కరువులేని ఈ దేశంలో దానికంటే తెలివైన వాచీ మాకు కనబడలేదు. 1962 నాటి రాడో డయాస్టార్ కూడా అలాంటిదే. కార్బైడ్ లాంటి గట్టి లోహంతో చేసి, గీత పడని వాచీ అన్నారు. ఇసుక, సిమెంటు మధ్య తిరిగేవాడికి అది గొప్పే. మన పెద్దలు దాని మీద మోజుపడ్డది ఊరికే బడాయికి కాదు. నకిలీ రాడోలు ఇంత పుట్టుకొచ్చింది కూడా ఆ మోజు వల్లే.

మా గదిలో తేలిందేమిటి?

అందరూ ఒప్పుకున్నదేమీ లేదు. కోనసీమ తమ్ముడు మాత్రం రెట్రో అంటే మోసం కాదు, ఫ్యాషను అంటాడు. కుర్రాడు, వాడి మాట వాడిది. మా మాట ఒకటే. సైటుకు జీ-షాకో, ఎఫ్-91డబ్ల్యూనో, ఎండ వాచీయో పెట్టుకోండి. ముచ్చటకు పాత ముఖం వాచీ కావాలంటే కొత్తదని తెలిసి, గ్యారంటీ కార్డుతో కొనండి. అసలు పాతది కావాలంటే దుకాణం అద్దం ముందు నిలబడే ముందు ఇంట్లో బీరువా తీయించండి. బాపుదో, తాతదో అందులో ఒకటి ఉంటుంది. ఎవరి చేతి నుంచి వచ్చిందో, ఏ ఏడాది కొన్నారో చెప్పే మనిషి పక్కనే ఉంటాడు. ఏ దుకాణం ఇవ్వలేని కాగితం అది.

మా మేస్త్రి మొన్న చుట్టీ నుంచి తిరిగొస్తూ బాపు జనతను తెచ్చాడు. "నాకేం కొత్తది వద్దుర, గిదే జర మంచిగ చేయించుకరా" అన్నాడట పెద్దాయన. మలయాళీ మెకానిక్ విప్పి, కడిగి, నూనె వేసి, అద్దం మార్చాడు. డయలుకు రంగు వెయ్యమంటారా అని తనే అడిగి, మేము నోరు తెరిచేలోపే "వద్దు, వేస్తే చెడిపోతుంది" అని తనే అన్నాడు. ఇప్పుడు రోజుకు ముప్పావు నిమిషం ముందుకు పోతోంది, ఇంకోసారి సర్దుతాడట.

బాగుచేయించే వాళ్లకు రెండు జాగ్రత్తలు. పాత వాచీ మీద నీళ్లు చొరవని రాసున్నా నమ్మొద్దు, లోపలి రబ్బరు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. స్నానానికి, క్యూరింగుకు తీసి పక్కన పెట్టండి. డ్రిల్లింగు మిషను పట్టుకునే చేతికి అసలు పెట్టొద్దు. మార్చిన ముక్కలు పారెయ్యకుండా ఇమ్మని మెకానిక్‌ను ముందే అడగండి. మా మేస్త్రి ఆ గీతల అద్దాన్ని చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, పాస్‌పోర్టు జిరాక్సుల పక్కన దాచాడు. డిసెంబరులో వాచీతో పాటు అది కూడా నిర్మల్ పోతుంది.